ఎస్‌ఎస్ లైన్లు వేశారని ధీమాగా ఉండకు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పాత ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఉక్కు) పైపులు తీసేసి అంతా ఎస్‌ఎస్, అంటే స్టెయిన్‌లెస్ స్టీల్ వేశారని, ఇక తుప్పు గొడవ ఉండదని మొన్న ఫోన్‌లో అన్నావు. సముద్రం పక్కనున్న ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసేవాడు ఆ మాట అంటే నాకు టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

స్టెయిన్‌లెస్ కూడా ఇనుమేరా. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది ఆక్సిజన్‌తో కలిసి పైన కొన్ని నానోమీటర్ల మందాన పొర కడుతుంది. మీ అమ్మమ్మ ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించేది, గుర్తుందా? అరిగితే మళ్లీ వేయించాల్సిందే. ఈ పొర మాత్రం గీత పడినా గాలి తగిలితే తనంతట తానే కట్టుకుంటుంది. దానికి గిట్టనిది ఉప్పు. ఉప్పులోని క్లోరైడ్ పొరను ఒక్క చోట ఛేదించి, అక్కడి నుంచి లోపలికి తొలుచుకుపోతుంది. ఎంఎస్ అయితే పెచ్చులు రాలి ముందే చెబుతుంది. ఇది కారేదాకా చెప్పదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక 304 రకం స్టెయిన్‌లెస్ ట్యాంకుకు బోరు నీళ్లతో హైడ్రోటెస్ట్ చేశాం, అంటే నీళ్లు నింపి లీకేజీ పరీక్ష. పాసైంది, సంతకాలు అయ్యాయి. అడుగున మిగిలిన నీళ్లు తోడించి ఆరబెట్టించే పని నాది. స్టార్టప్ వాయిదా పడటంతో నేను వేరే పనిలో పడి వదిలేశాను. వేసవి గడిచాక తెరిస్తే వెల్డింగుల పక్కన గోధుమ రంగు మచ్చలు. పైకి ఆవగింజంత కన్నం, గ్రైండ్ చేసి చూస్తే లోపలంతా గుల్ల. అడుగు ప్లేట్లు కోసి కొత్తవి వేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఎస్‌ఎస్ టెస్టుకు నీళ్లలో క్లోరైడ్ 50 పీపీఎం (పది లక్షల్లో 50 భాగాలు) దాటనివ్వలేదు. అంతకన్నా ముఖ్యం, టెస్టయిన వెంటనే నీళ్లు దించి ఆరబెట్టించడం. డ్రెయిన్ వాల్వ్ తెరిచారంటే నమ్మకు. పల్లంగా ఉన్న చోట్ల నువ్వే వెళ్లి చూడు.

వెల్డర్ల దగ్గర కూడా నిలబడు. ఎంఎస్ మీద వాడిన గ్రైండింగ్ వీల్, వైర్ బ్రష్ ఎస్‌ఎస్‌కు తగలనివ్వకు. ఆ ఇనుప రజను అంటుకుని అక్కడే తుప్పు మొదలవుతుంది. వెల్డింగ్ పక్కన వచ్చే నీలం, గోధుమ రంగుల కింద క్రోమియం తగ్గిపోయి ఉంటుంది. పిక్లింగ్ పేస్టుతో ఆ రంగు పోగొట్టించాలి. ఆ పేస్టులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, ప్రాణాలు తీస్తుంది. సరైన గ్లవ్స్, ఫేస్ షీల్డ్, దగ్గర్లో ఆ ఆమ్లం పడితే రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వకు. ప్లేట్లు ఆర్డర్ చేసేటప్పుడు, వెల్డింగ్ ఉండే చోటికి 304ఎల్ అడుగు. అందులో కార్బన్ 0.03 శాతం మించదు కాబట్టి, వెల్డింగ్ వేడికి క్రోమియంను లాక్కునే కార్బన్ తక్కువ.

బోల్టులూ చూసుకో. పైపులను కలిపే పెద్ద ఎస్‌ఎస్ ఫ్లాంజికి చిన్న ఎంఎస్ బోల్టు వేస్తే తడిలో ఆ బోల్టునే తుప్పు త్వరగా తినేస్తుంది.

నాకు అన్నిటికన్నా భయం లాగింగ్ (వేడి పోకుండా పైపుకు చుట్టి, పైన రేకు వేసే పొర) కింద జరిగేది. సముద్రపు గాలి ఉప్పు తెస్తుంది, వాన దాన్ని రేకు సందుల్లోంచి లోపలికి దింపుతుంది. పైపు వేడికి నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. మళ్లీ వాన, మళ్లీ ఉప్పు. లోహం 60 డిగ్రీలు దాటే లైన్లలో, వెల్డింగు లోపల మిగిల్చిన బిగువు కూడా తోడై, సన్నని పగుళ్లు పుడతాయి. 316 అనే ఇంకో రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. గుంటలను 304 కన్నా బాగా తట్టుకుంటుంది కానీ, ఈ పగుళ్లు దానికీ తప్పవు. అందుకని వాన పడే రోజు గొడుగు వేసుకుని లైన్ వెంట నడువు. రేకు అతుకు పైకి తెరుచుకుని ఉందా, సపోర్టుల దగ్గర సీలింగ్ ఊడిందా, మనవాళ్లు ఎక్కి తొక్కి ఎక్కడ రేకు సొట్టపోయిందో చూడు. నీళ్లు దిగేది అక్కడే.

రేపు డ్యూటీకి వెళ్లగానే ఆ కొత్త లైన్ల హైడ్రోటెస్ట్ రిపోర్టు తీయించు. ఏ నీళ్లు వాడారో, ఏ రోజు ఖాళీ చేశారో చూసి సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య