పేవ్‌మెంటు మీది పెద్దల దగ్గరికి వెళ్లే ముందు

చిరంజీవికి ప్రభువు నామమున ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. మన సంఘంలోని యౌవనులను వెంటబెట్టుకొని, మన చెన్నై సెంట్రల్ స్టేషన్ మొదలు వాల్‌టాక్స్ రోడ్డు, పారిస్ కార్నర్ వరకు మూసిన దుకాణాల ముందు పడుకునే ముసలివాళ్లకు పరిచర్య చేయాలని ఉందనీ, దానివల్ల మీకు తగ్గింపు మనస్సు కలగాలని ప్రార్థిస్తున్నాననీ వ్రాశావు. మొదటి కోరిక చాలా మంచిది. రెండవది కూడా మంచిదే గాని, దాన్ని వెంటబెట్టుకొని అక్కడికి వెళ్లవద్దు. మనకు వినయం అబ్బడం కోసం ఒక ముసలమ్మ దగ్గరికి వెళ్లడమంటే, అందరూ వదిలేసిన మనిషిని మన అవసరానికి వాడుకోవడమే. ఆమెకు కావలసిన పని చేసి రా, నాయనా. నీకు రావలసినది ఉంటే వస్తుంది. వచ్చిన సంగతి నీకు తెలియకపోయినా నష్టం లేదు.

ముందుగా క్రిస్మస్‌కు పంచుతామన్న బిరియానీ పొట్లాల సంగతి. నగరపాలక సంస్థ 2013 నుంచి నడుపుతున్న అమ్మ ఉణవగం అనే చౌక భోజనశాలల్లో రూపాయికి ఒక ఇడ్లీ దొరుకుతుంది. పండుగ వచ్చిందంటే గుడివాళ్లు, మసీదువాళ్లు, చర్చివాళ్లు ఒకే వీధిలో ఒకరి వెనుక ఒకరు పొట్లాలు పంచి వెళతారు. మర్నాడు ఒక్కరూ కనబడరు. పైగా పళ్లూడినవాళ్లకు కోడి ముక్కలు, షుగరు మాత్రలు అయిపోయి వారాలైనవాళ్లకు మసాలా అన్నం రాత్రి పది గంటలకు ఇస్తే అది కుక్కల పాలే అవుతుంది. మనకు తట్టని సంగతి ఇంకొకటి ఉంది. పేవ్‌మెంటు మీద ఉండే ఆడవాళ్లలో చాలామంది పొద్దుపోయాక మంచినీళ్లు కూడా తాగరు. అర్ధరాత్రి లేవవలసి వస్తే వెళ్లడానికి వాళ్లకు చోటు ఉండదు. అందుచేత పెట్టాలనుకుంటే పెరుగన్నమో, మెత్తని ఇడ్లీయో, అదీ చీకటి పడకముందే పెట్టండి. అసలు అంతకన్నా ముందు ఏం కావాలో అడగండి. గ్రుడ్డివాడైన బర్తిమయి తన ఎదుట నిలబడినప్పుడు, అతనికేం కావాలో చూసేవారందరికీ తెలుస్తున్నా, తానేమి చేయాలని కోరుకుంటున్నాడో యేసు అతని నోటనే చెప్పించాడు (మార్కు 10). అడిగితే వచ్చే జవాబులు మన ఊహకు అందవు: చదువుకోవడానికి కళ్లద్దాలు, తాడు లాగితే మూతి బిగుసుకునే సంచి, అక్టోబరు వానలు పట్టకముందే ఒక ప్లాస్టిక్ పట్టా, నూలు చీర. ఉన్ని కంబళ్లు మాత్రం కొనవద్దు. మన చెన్నై ఉక్కలో వాటిని కప్పుకునే నాథుడు లేడు.

మొదటి కొన్నిసార్లు పుస్తకం, పెన్ను పట్టుకొని వెళ్లకండి. ఈ రాష్ట్రంలో 1945 నాటి భిక్షాటన నిషేధ చట్టం ఉంది. పేరూ ఊరూ వ్రాసుకునేవాళ్లు కనబడితే వ్యాన్‌లో ఎక్కించుకుపోతారేమోనని వాళ్లకు భయం. గుంపుగా కాక ఇద్దరిద్దరుగా వెళ్లండి, ఆడవాళ్లతో మాట్లాడేవారిలో ఒక ఆడపిల్ల తప్పక ఉండాలి. నిలబడి మాట్లాడకుండా ఆ అట్టముక్క పక్కనే నేల మీద కూర్చోండి. తమిళులైతే ‘అయ్యా’, ‘అమ్మా’ అనండి. తెలుగువాళ్లైతే, ఆ చుట్టుపక్కల గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపునుంచి రైలెక్కి వచ్చినవాళ్లు తగులుతూనే ఉంటారు, ‘పెద్దాయనా’, ‘పెద్దమ్మా’ అని మొదలుపెట్టి, పేరు తెలిశాక పేరుకు గారు చేర్చి పిలవండి. తెలుగు మాట చెవిన పడగానే ‘మీదే ఊరు?’ అని వాళ్లే ఎదురు అడుగుతారు. ఆ ప్రశ్నకు దాపరికం లేకుండా జవాబు చెప్పు. తన గురించి ఏమీ చెప్పకుండా ఎదుటివాళ్ల కథంతా రాబట్టేవాడిని ఎవరూ నమ్మరు. ఫోటోలు వద్దు, ఒక్కటి కూడా.

పాదాల గురించి కొంచెం వివరంగా వ్రాస్తాను, నర్సుగా వార్డుల్లో పనిచేసినదాన్ని గనుక నాకు బాగా తెలిసిన పని అది. గుడ్ ఫ్రైడే ముందు రోజున చర్చి వేదిక మీద కుర్చీలు వేసి, ఇంటి దగ్గరే శుభ్రంగా కడుక్కొని వచ్చిన పాదాల మీద నాలుగు చుక్కలు చల్లి తుడవడం ఒక ఆచారం. యోహాను 13లో యేసు కడిగినవి నిజంగా మట్టి పట్టిన శిష్యుల పాదాలు. మీరు చూడబోయే పాదాలకు మడమలు పగిలి ఉంటాయి, గోళ్లు వంకరపోయి కండలోకి దిగి ఉంటాయి, వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని ఊడుతూ ఉంటుంది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయో లేదో నీ మోచేయి ముంచి చూసుకో, ఎందుకంటే షుగరు ముదిరినవాళ్ల పాదాలకు వేడి తెలియదు, బొబ్బలెక్కినా తెలియదు. ఎక్కువసేపు నాననివ్వకుండా సబ్బుతో కడిగి, మెత్తటి గుడ్డతో ప్రతి వేలి సందులోనూ తడి లేకుండా అద్దు. మడమలకు వాజలీన్ రాయవచ్చు గాని వేళ్ల సందుల్లో రాయకూడదు. గోళ్లను తిన్నగా అడ్డంగా తియ్యి, మూలలు లోతుగా కొయ్యవద్దు. చేతులకు గ్లోవ్స్ వేసుకో. వేసుకుంటే తగ్గింపు తక్కువైపోతుందనే మూఢత్వం కొందరు భక్తిపరుల్లో చూశాను. పుండు నల్లబడినా, వాసన వస్తున్నా, పురుగు కనబడినా నువ్వు ముట్టుకోకుండా 108కి ఫోన్ చేసి, సెంట్రల్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి వెంట వెళ్లు. చేర్పించి వచ్చేయడం కాదు. ఏ పెద్దాసుపత్రిలోనైనా చీటీ పట్టుకొని పరీక్షలకు తిప్పే తోడు మనిషి లేకపోతే పని సాగదు.

పాదాలు ముట్టుకునే ముందు అనుమతి అడగడం మరచిపోవద్దు. యేసు తన పాదాలు కడగబోతే పేతురంతటివాడే మొదట వద్దంటే వద్దన్నాడు. పెద్ద వయసు మనిషికి, అందునా ఒకప్పుడు ఇల్లూ వాకిలీ ఉండి పదిమందికి పెట్టిన మనిషికి, చిన్నవాళ్లు కాళ్లు పట్టుకోవడం సిగ్గుగా ఉంటుంది. వద్దంటే ఆ రోజుకు టబ్బు పక్కన పెట్టేసి కబుర్లు చెప్పి రండి.

కళ్ల విషయంలో ఒక హెచ్చరిక. ఎగ్మూరులో 1819లో మొదలైన ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, శుక్లాల ఆపరేషన్ చేయించడం కష్టం కాదు. కష్టమంతా ఆ తర్వాత వారాల తరబడి వేళకు కంట్లో చుక్కలు వేయడంలో ఉంది. దుమ్ములో పడుకునే మనిషి, చేతులు వణికే మనిషి, తన కంట్లో తానే వేసుకోలేదు. రోజూ వంతులవారీగా వెళ్లి వేయడానికి మీలో మనుషులు కుదిరితేనే, లేదా ఆ వారాలపాటు ఏదైనా ఆశ్రమంలో చోటు దొరికితేనే ఆ పనికి పూనుకోండి.

నగరపాలక సంస్థ నడిపే రాత్రి ఆశ్రయాలు ఉన్నాయి, వృద్ధుల కోసం కేంద్రం 14567 అనే హెల్ప్‌లైన్ నడుపుతోంది. ఈ రెండింటి సంగతీ మీలో అందరికీ తెలిసి ఉండాలి. అయినా చాలామంది ఆశ్రయానికి రామంటారు. తెలిసిన చోటు, తెలిసిన టీ కొట్టు, రాత్రి పక్కన పడుకునే తోడు పోతాయని వాళ్ల దిగులు. వాదించకండి, వారం తర్వాత మళ్లీ అడగండి. పిల్లల గురించి గుచ్చి గుచ్చి అడగవద్దు. వృద్ధులను దిక్కులేకుండా వదిలేసినవారికి మూడు నెలల వరకు జైలు గాని, 5000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని అని 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం చెబుతున్న మాట నిజమే గాని, ఆ చట్టం పేరెత్తగానే ‘నాకు పిల్లలే లేరు’ అనే తల్లులే ఎక్కువ. దానికన్నా ఆంధ్రలో పింఛను ఉందేమో కనుక్కోవడం ఉపయోగం. అక్కడ 2024 జూలై నుంచి వృద్ధులకు నెలకు 4000 రూపాయలు ఇస్తున్నారు, నెల మొదట్లో ఇంటి దగ్గరే వేలిముద్ర వేయించుకొని ఇస్తారు. మనిషి ఊళ్లో లేకపోతే ఆ నెల చేతికి అందదు. కాగితాలు ఉండి, వెళ్లడానికి ఆమెకు ఇష్టముంటే, రైల్లో ఆమె పక్కన కూర్చొని నెల్లూరు దాకా వెళ్లి రావడం మీ పాటల కూడికకన్నా పెద్ద పరిచర్య అని నా అభిప్రాయం.

వాక్యం చెప్పడం గురించి అడిగావు. ప్రార్థన చేయమని వాళ్లు అడిగితే చెయ్యి, నీవెవరి బిడ్డవో అడిగితే చెప్పు. అన్నం ముందు పెట్టి ప్రసంగం వినిపించడం మాత్రం వద్దు. ఆకలితో ఉన్నవాడి ఆమేన్‌ను లెక్క వేసుకోవద్దు. నుదుట విభూతి ఉన్న తాతకు కూడా అదే సబ్బు, అదే గుడ్డ. పదిమంది కుష్ఠరోగులు బాగుపడి తొమ్మండుగురు తిరిగి రాకపోయినా, ప్రభువు వాళ్ల స్వస్థతను వెనక్కి తీసుకోలేదు.

ఇక తగ్గింపు సంగతి. కాథలిక్ సన్యాసిని మాట మన బాప్టిస్టులకెందుకని అనుకోకపోతే, జాన్ జుగాన్ అనే ఆమె గురించి చెబుతాను. ఫ్రాన్సులో 1839 శీతాకాలంలో కళ్లు లేని, సగం చచ్చుబడిన ఒక వృద్ధురాలిని ఇంటికి తెచ్చుకొని, తన మంచం ఆమెకిచ్చి తాను అటక మీద పడుకుంది. అలా మొదలైనదే వృద్ధుల కోసం పనిచేసే లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సంఘం. మన చెన్నైలోనూ, సికింద్రాబాదులోనూ వారి ఆశ్రమాలు ఉన్నాయి. ఆమె బుట్ట పట్టుకొని ఇంటింటా అడుక్కునేది. ఒకడు చెంప మీద కొడితే, ఇది నాకిచ్చారు, ఇక నా ముసలివాళ్లకేమైనా ఇవ్వండి అన్నదని చెబుతారు. ఆ తర్వాత సంఘ పెత్తనం వహించిన గురువు ఆమెను పక్కకు తప్పించి, స్థాపకుడి పేరు తానే పెట్టుకున్నాడు. 1879లో చనిపోయేదాకా చివరి ఇరవై ఏడేళ్లు ఆమె ఆ సంఘపు మఠంలోనే మామూలు సోదరిగా ఉండిపోయింది. సంఘాన్ని మొదలుపెట్టినది ఈ ముసలామేనని కొత్తగా చేరిన పిల్లలకు తెలియదు. కాథలిక్ సభ ఆమెను 2009లో పునీతురాలిగా ప్రకటించింది గాని, ఆ గౌరవం చూడటానికి ఆమె లేదు.

నీ విషయంలో పరీక్ష ఇంత పెద్దది కాదు. ‘నిన్న ఎందుకు రాలేదు? రానివాడివి వస్తానని ఎందుకన్నావు?’ అని ఒక అవ్వ నలుగురి ముందు నిన్ను కడిగేస్తుంది; సంజాయిషీ చెప్పకుండా పడాలి. తన కొంగులోంచి సగం బన్ను తీసి పెడుతుంది. ఆ బన్ను అక్కడే కూర్చొని తినాలి. నీ బదులు ఇంకొకరు వస్తే వాళ్లే మంచివాళ్లంటుంది. ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆమె కథ చెప్పాలని నాలుక దురద పెడుతుంది. ఆమె కథ ఆమెది, చెప్పవద్దు.

ముందుగా ఒకే వీధి, నలుగురైదుగురు పెద్దలు చాలు. ఏడాదిపాటు వాళ్ల దగ్గరికే వెళ్లండి. టబ్బు, గోళ్ల కత్తిరి, గ్లోవ్స్ డబ్బా నా దగ్గర ఉన్నాయి. శనివారం సాయంత్రం నాలుగు దాటాక ఇంటికి వస్తే ఇస్తాను. గోళ్లు తీయడం నేర్చుకోవడానికి మీలో ఇద్దరినైనా వెంట తీసుకురా, మా ఇంట్లో నా కాళ్లూ ఉన్నాయి, మీ అంకుల్ కాళ్లూ ఉన్నాయి.