వంటింట్లో మాట్లాడిన కెమెరా

ప్రశ్న: మాది తెనాలి. నాకు 64 ఏళ్లు, మావారికి 71. ఒక్కడే కొడుకు, డాలస్‌లో ఉద్యోగం. పోయిన ఏడాది మావారు బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి వారం రోజుల్లో ఇల్లంతా మార్చేశాడు. హాల్లో, వంటింట్లో, వీధి గుమ్మం దగ్గర కెమెరాలు. మాటతో వెలిగే లైట్లు. నంబర్లు నొక్కితే తెరుచుకునే తలుపు. గీజరు కూడా ఫోన్‌లోనే వేస్తాడు. మావారికి ఇదంతా ముచ్చటగానే ఉంది, పొద్దున్నే అలెక్సా అనే మాట్లాడే స్పీకరుతో సుప్రభాతం పెట్టించుకుంటారు. నేను తెలుగులో ఏదడిగినా దానికి అర్థం కాదు. మొన్న రాత్రి ఎనిమిదింటప్పుడు ఆయనకు పెట్టేసి, వంటింట్లో పీట వేసుకుని ఆవకాయ అన్నం కలుపుకుంటున్నాను. గోడ మీంచి "అమ్మా, మళ్లీ పచ్చడేనా? బీపీ ఉంది కదా" అని వాడి గొంతు. చేతిలో ముద్ద జారిపోయింది. అప్పట్నుంచి ఫ్రిజ్ పక్కన, కెమెరాకి కనపడని మూల కూర్చుని తింటున్నాను. పనమ్మాయి "నేనేమన్నా దొంగనా అమ్మగారూ" అని మానేసింది. అలవాటు కొద్దీ గోడ స్విచ్ ఆపితే ఆపొద్దని వాడి ఫోను. ఒకరోజు కెమెరా మీద తువ్వాలు కప్పితే పది నిమిషాల్లో పక్కింటివాళ్లను పంపించాడు. తీసెయ్యమంటే వాడి ప్రేమను కాదన్నట్టవుతుందేమో. ఇంతకీ ఈ వస్తువులు మంచివేనా? నమ్మొచ్చా? లేక నాదే చాదస్తమా?

జవాబు: అమ్మా, మీది చాదస్తం కాదు. మీ ఉత్తరంలో ఆ ఫ్రిజ్ పక్క మూల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇన్నేళ్లు మీరు వండి వడ్డించిన వంటింట్లో, మీ అన్నం మీరు తినడానికి దాక్కునే చోటు వెతుక్కుంటున్నారు. ఆ మాట మీ అబ్బాయికి ఎవరూ చెప్పి ఉండరు. తెలిస్తే ఆ కెమెరా ఆ గోడ మీద ఒక్క పూట కూడా ఉంచడని నా నమ్మకం.

ముందు మీ అబ్బాయి గురించి. తువ్వాలు కప్పిన పది నిమిషాల్లో పక్కింటివాళ్లను పంపాడంటే, ఆ పది నిమిషాలూ అతను ఎంత అల్లాడిపోయి ఉంటాడో ఊహించండి. తండ్రి పడిపోయిన రోజు తను పక్కన లేడు. ఆ బాధే కెమెరాల రూపంలో మీ గోడలెక్కింది. పెత్తనం చేయాలని పెట్టినవి కావు అవి. కాబట్టి "తీసేస్తావా లేదా" అని మొదలుపెట్టకండి. "ఆ కెమెరాలో నువ్వు ఏం చూద్దామనుకుంటున్నావు నాన్నా?" అని అడగండి. నాన్న మళ్లీ పడతారేమోనన్నదే అతని భయమని మీకే తెలుస్తుంది.

ఇక్కడే ఒక మాట సూటిగా చెప్పాలి. మీవారు పడింది బాత్‌రూమ్‌లో. అక్కడ కెమెరా లేదు, ఉండకూడదు కూడా. అంటే హాల్లో, వంటింట్లో ఎన్ని పెట్టినా ఆ రోజు జరిగినదాన్ని అవి ఆపలేవు, చూడనూ లేవు. ఆ డబ్బుతో ముందు చేయాల్సినవి వేరే ఉన్నాయి. కమోడ్ పక్కన, షవర్ దగ్గర పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు గోడకు గట్టిగా బిగించాలి. నేల మీద జారని రబ్బరు మ్యాట్ వేయాలి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా, మనిషి కదలగానే తనంతట తానే వెలిగే సెన్సర్ లైట్లు పెట్టించాలి. అవి ఖరీదైనవేం కావు, వాటికి ఇంటర్నెట్టూ అక్కర్లేదు, ఫోనూ అక్కర్లేదు. ఇక మీవారు స్నానానికి వెళ్లినప్పుడు లోపల గడియ పెట్టుకోకూడదు. తలుపు చేరేస్తే చాలు. మగవాళ్లకు ఇది ఒప్పించడం కష్టం, నాకు తెలుసు. అయినా పట్టుబట్టండి.

పడినప్పుడు తెలియాలంటే చేతి గడియారాలున్నాయి. యాపిల్ 2018లో తెచ్చిన వాచీ నుంచి, మనిషి గట్టిగా పడితే అది గుర్తిస్తుంది. పడ్డాక మనిషి దాదాపు ఒక నిమిషం కదలకుండా ఉండిపోతే, అదే అత్యవసర నంబరుకు ఫోన్ కలిపి ఇంటివాళ్లకు సందేశం పంపుతుంది. అందులో వయసు నమోదు చేస్తే, 55 ఏళ్లు దాటినవాళ్లకు ఆ సదుపాయం తనంతట తానే ఆన్ అవుతుంది. కాకపోతే దానికి ఐఫోన్ ఉండాలి, రోజూ ఛార్జింగ్ పెట్టాలి, స్నానానికి వెళ్లేటప్పుడు కూడా చేతికే ఉండాలి. ప్రతి పడటాన్నీ అది కనిపెడుతుందన్న గ్యారంటీ లేదు. అయినా మీవారికి ఇలాంటివాటి మీద సరదా ఉంది కాబట్టి ఆయన పెట్టుకుంటారు. మీ అబ్బాయి భయానికి వంటింటి కెమెరా కన్నా ఇదే సరైన జవాబు.

మిగతా వస్తువుల సంగతి. నేను వీటికి వ్యతిరేకిని కాను. మా నాన్నగారికి పొలంలో బోరుంది. ఒకప్పుడు రాత్రి కరెంటు వచ్చినప్పుడల్లా టార్చిలైటు పట్టుకుని, పాముల భయంతో గట్ల మీద నడిచి వెళ్లి మోటారు వేసి వచ్చేవారు. సెల్ స్టార్టర్ బిగించాక మంచం మీంచే ఫోన్ చేసి వేసేవారు. దాన్ని ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో ఆయన చేతిలోనే ఉండేది. మీ ఇంట్లో ఉన్న వస్తువులన్నిటి తాళాలూ డాలస్‌లో ఉన్నాయి. నా లెక్కలో అసలు చిక్కు అదే.

లైట్లనే చూడండి. ఆ బల్బు వైఫైతో పనిచేస్తుంది. గోడ స్విచ్ ఆపితే దానికి కరెంటే అందదు, ఇక పిలిస్తే ఎలా పలుకుతుంది? అందుకే మీ అబ్బాయి కోపం. కానీ నలభై ఏళ్లుగా చెయ్యి వెళ్లే చోటికి వెళ్లొద్దంటే ఎలా? స్విచ్ బోర్డు లోపల బిగించే చిన్న పరికరాలు దొరుకుతాయి. అవి పెడితే మీరు చేత్తో నొక్కినా వెలుగుతుంది, ఆయన మాటతో చెప్పినా వెలుగుతుంది. ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. అదే రోజు, కరెంటు పోయినా ఇంటర్నెట్ ఆగకుండా, వైఫై ఇచ్చే రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకి మార్పించండి. గీజరు ప్లగ్గు కూడా చూపించండి. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని ఫోన్‌తో నడిచే 6 ఆంపియర్ల చిన్న స్మార్ట్ ప్లగ్గుకి తగిలిస్తే ప్లగ్గు వేడెక్కి కరిగిపోవచ్చు. 16 ఆంపియర్లదే ఉండాలి. తలుపు తాళానికి మామూలు తాళంచెవి కూడా వచ్చి ఉంటే ఒకటి మీ దగ్గర, ఒకటి నమ్మకమైన పక్కింట్లో ఉంచండి. బ్యాటరీ అయిపోయిన రోజు అదే దిక్కు.

అలెక్సాకు మన దేశంలో మొదట ఇంగ్లీషే, 2019లో హిందీ నేర్పారు. మీ తెలుగు దానికి రాకపోవడం మీ తప్పు కాదు. అది మీవారి దగ్గర ఉండనివ్వండి, ఆయన పొద్దుటి సుప్రభాతం ఆయనది. మీరిద్దరూ సొంత విషయాలు మాట్లాడుకునేటప్పుడు దాని మీదున్న మైకు బటన్ నొక్కండి. ఎర్ర లైటు వెలిగిందంటే అది వినడం ఆపేసినట్టు. పడగ్గదిలో ఉంటే మాత్రం ఇవాళే హాల్లోకి మార్చండి.

నమ్మొచ్చా అని అడిగారు. కళ్లు మూసుకుని నమ్మొద్దు. 2023లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రింగ్ అనే కెమెరాల కంపెనీ మీద కేసు పెట్టింది. ఆ కంపెనీ ఉద్యోగులు వినియోగదారుల ఇళ్లలోని వీడియోలు చూశారన్నది ఆరోపణ, వాటిలో ఆడవాళ్ల పడగ్గదులు, స్నానాల గదులవీ ఉన్నాయి. కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మీ ఇంట్లో అలా జరిగిందని కాదు. కానీ నేను ఎక్కువగా చూస్తున్నది ఇంకా మామూలు పొరపాటు. కెమెరా బిగించడానికి వచ్చిన కుర్రాడు తొందరలో తన సొంత ఫోన్ నంబరుతో ఖాతా తెరిచి, తర్వాత ఇంటివాళ్లను చేర్చి వెళ్లిపోతాడు. అంటే మీ హాలు అతని ఫోన్‌లోనూ కనిపిస్తూనే ఉంటుంది. మీ అబ్బాయితో యాప్ తెరిపించి, ఖాతా ఎవరి పేరున ఉంది, ఇంకా ఎవరెవరిని చేర్చారు అన్నది చూడమనండి. తెలియని పేరుంటే తీసేయించండి. పాస్‌వర్డ్ మార్పించండి. ఇది వాయిదా వేయొద్దు.

ఇక కెమెరాలు. వీధి గుమ్మం దగ్గరది ఉంచండి, ఎవరొచ్చారో చూసి తలుపు తీయడానికి మీకూ పనికొస్తుంది. వంటింటిది తీసేయించండి, అందులో బేరం లేదు. హాల్లోది మాత్రం మీరిద్దరూ మాట్లాడుకుని తేల్చుకోండి. మీవారికి అది ధైర్యంగా అనిపిస్తే ఆయన కుర్చీ వైపు మాత్రమే తిప్పండి, దాని ప్లగ్గు మీ చేతికందేలా పెట్టించండి. ఇంట్లో ఉండేది మీరిద్దరూ, ఒప్పుకోవాల్సిందీ మీరిద్దరే.

మీ అబ్బాయికి ఇలా చెప్పి చూడండి: "నాన్నా, నువ్వు నన్ను చూస్తే నాకు సంతోషమే. కానీ ముందు పిలువు, చీర సర్దుకుని కూర్చుంటాను. నువ్వు చూస్తున్నావో లేదో తెలియకుండా బతకడం నా వల్ల కావట్లేదు. ఆ రోజు నుంచి నేను ఫ్రిజ్ పక్కన కూర్చుని తింటున్నాను." చివరి మాట దాచకండి. అతను బాధపడతాడు, పడనివ్వండి. తర్వాత రోజూ రాత్రి ఎనిమిదింటికి, అతనికి అది పొద్దుటి కాఫీ వేళ, వీడియో కాల్ మీరే చేయండి. నాన్న ఎంత దూరం నడిచారో, ఏ మాత్ర వేసుకున్నారో చెప్పండి. ఆవకాయ తిన్నానని కూడా చెప్పండి. అయితే బీపీ విషయంలో అతనన్నది నిజమే, ఉప్పు తగ్గించాలి.

అత్యవసరమైతే 108, పెద్దవాళ్లకు ఏ సాయం కావాలన్నా ఎల్డర్‌లైన్ 14567. ఈ రెండూ, పక్కింటివాళ్ల నంబరూ పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ దగ్గర అతికించండి.

పనమ్మాయికి మీరే కబురు పెట్టండి. వంటింటి కెమెరా తీసిన మర్నాడు పిలిపించి, ఆ ఖాళీ గోడ చూపించి, "నీ మీద అనుమానంతో పెట్టింది కాదమ్మా, నన్నూ చూసింది అది" అని చెప్పండి.