ప్రయోగశాలలో చేరబోతున్న లావణ్యకు

చిరంజీవి లావణ్యకు పెద్దమామయ్య ఆశీస్సులు.

క్యాన్సర్ జీవశాస్త్ర ప్రయోగశాలలో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరుతున్నావని అమ్మ చెప్పగా ఎంతో సంతోషించాను. ముందుగా ఏం నేర్చుకోవాలని అడిగావు. వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను గుర్తించే పరీక్ష), పీసీఆర్ (డీఎన్ఏను అనేక రెట్లు పెంచి చూసే పరీక్ష) వంటివి చేయగా చేయగా చేతికి వస్తాయి, వాటి గురించి దిగులు వద్దు. నీ చేతిలోని ఫ్లాస్కులో ఉన్న కణాలు నిజంగా ఏవో, ఏ స్థితిలో ఉన్నాయో తెలుసుకున్నాకే పని మొదలుపెట్టే అలవాటు మాత్రం మొదటి వారంలోనే పడాలి.

ఇది చాదస్తం కాదు. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి, ఆమెకు తెలియకుండానే తీసిన హీలా కణాలు ఎంత ఉద్ధృతంగా పెరుగుతాయంటే, వేరే ఫ్లాస్కులో ఒక చుక్క పడినా కొంతకాలానికి అసలు కణాలు మిగలవు. వేర్వేరు అవయవాలవని అందరూ నమ్మిన అనేక కణశ్రేణులు (ఒకే మూలం నుంచి ప్రయోగశాలలో పెంచుతూ వచ్చే కణాలు) నిజానికి హీలాయేనని 1966లో స్టాన్లీ గార్ట్లర్ ఒక ఎంజైమ్ రకాన్ని పరీక్షించి చూపారు. ఎండీఏ-ఎంబీ-435 కణాల మీద రొమ్ము క్యాన్సర్ పేరుతో ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగాక, అవి మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) కణాలని తేలింది. అందుకే పక్క ల్యాబు స్నేహితులు ఆప్యాయంగా ఇచ్చిన కణాలనైనా, డీఎన్ఏ గుర్తులను బట్టి అవి ఏవో తేల్చే ఎస్‌టీఆర్ పరీక్ష చేయించకుండా వాడవద్దు. వీలైతే పుణేలోని ఎన్‌సీసీఎస్ వంటి కణ భాండాగారం నుంచే తెప్పించమని మీ సార్‌ను కోరు. సూక్ష్మజీవులు చేరకుండా కణాలతో పనిచేసే క్యాబినెట్‌లో ఒకేసారి రెండు కణశ్రేణులను తెరవకు. ఒక్కోదానికి విడిగా మీడియా (కణాల పోషక ద్రవం) సీసా పెట్టుకో.

పెంచే కణాలలో చేరే మైకోప్లాస్మా అనే అతిసూక్ష్మ బ్యాక్టీరియా ఇంతకన్నా మొండిది. దానికి కణకుడ్యం లేదు గనుక, ఆ కుడ్యాన్నే దెబ్బతీసే పెన్సిలిన్ పనిచేయదు. మీడియా మసకబారదు, మామూలు సూక్ష్మదర్శినిలో కనబడదు, కానీ కణాల జీవక్రియనూ జన్యువుల పనితీరునూ మార్చేస్తుంది. కల్చర్ (పెంచుతున్న కణాలు) నిర్మలంగా కనిపిస్తోందని ఊరుకోక, క్రమం తప్పకుండా పీసీఆర్‌తో పరీక్షించు.

కొత్త కణశ్రేణి వచ్చి పరీక్షల్లో నెగ్గగానే, ప్రయోగాలకు ముందే, తొలి పాసేజ్‌లలోని (కొత్త ఫ్లాస్కుకు మార్చిన తొలి విడతల్లోని) కణాలను, గడ్డకట్టేటప్పుడు దెబ్బతినకుండా కాపాడే డీఎంఎస్‌ఓ కలిపి నిమిషానికి సుమారు ఒక డిగ్రీ చొప్పున చల్లబరచి, ద్రవ నత్రజనిలో దాచిపెట్టు. తిరిగి తీసేటప్పుడు 37 డిగ్రీల నీటిలో త్వరగా కరిగించాలి. అప్పుడు ముఖ కవచం తప్పనిసరి, ఎందుకంటే నత్రజని లోపలికి చేరిన వయల్ (కణాలు దాచిన చిన్న సీసా) పగిలిపోవచ్చు.

ఫలితాన్ని చదివేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. ఎంటీటీ అనే రంగు పరీక్షలో ఊదారంగు తగ్గితే కణాలు చనిపోయాయని రాసేస్తారు. ఆ పరీక్ష కొలిచేది జీవక్రియను మాత్రమే. పెరుగుదల ఆగినా రంగు తగ్గుతుంది. చనిపోయిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతోనో, చనిపోతున్న కణాలను గుర్తించే అనెక్సిన్ పరీక్షతోనో రూఢి చేసుకున్నాకే మరణం అను. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించిన అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్, ఆ ఉపశమనం తాత్కాలికమని పత్రం శీర్షికలోనే రాశారు. అంతకుముందు వైద్యం దాదాపు లేని జబ్బులో అంతటి ఫలితం సాధించినవారు కూడా చూసినదానికి మించి ఒక్క మాట అనలేదు.

నోటుపుస్తకంలో తేదీ, పాసేజ్ సంఖ్య, సీరమ్ లాట్ (తయారీ విడత) నంబరు, యాంటీబాడీ లాట్ నంబరు ఏ రోజువి ఆ రోజే రాయి. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సంతకం చేయి. సరిగా రాని బ్లాట్‌ను కూడా అతికించు. బాగా వచ్చిన బొమ్మనే చూపమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, మూడుసార్లు చేసిన ఫలితాలనూ కలిపి వారి ముందుంచు. వయసులో చిన్నదానివైనా ఆ హక్కు నీకుంది.

డాక్సోరుబిసిన్ వంటి క్యాన్సర్ మందులు ఆరోగ్యకరమైన కణాలకూ హాని చేస్తాయి. గ్లవ్స్ లేకుండా తాకవద్దు, మిగిలినది సింకులో పోయవద్దు. చేరగానే నత్రజని ట్యాంకు రిజిస్టరు ఎవరి దగ్గరుంటుందో, మైకోప్లాస్మా పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగిందో అడిగి, ఆ వివరాలు నాకు రాయి.

నీ మేలు కోరే
పెద్దమామయ్య