నేలలోని తేమను కొలిచి, ప్రకృతి సంపద లెక్కల్లో (అంటే దేశంలోని నీరు, నేల, అడవి లాంటివాటికి రాసే పద్దుల్లో) దానికి విలువ కట్టడం సాధ్యమేనా?

సాధ్యమే. కాకపోతే కొలిచేవాళ్లు తప్పు తేదీన, తప్పు లోతులో కొలుస్తున్నారని నా వాదన.

నీళ్లనగానే శ్రీశైలంలో ఎన్ని టీఎంసీలు అన్నదే మనకు వార్త. చేలో నిలవున్న నీటి సంగతి ఏ చానలూ ఎత్తదు. ఐక్యరాజ్యసమితి 2012లో ఆమోదించిన పర్యావరణ లెక్కల ప్రమాణంలో మాత్రం ఉపరితల జలం, భూగర్భ జలంతో పాటు నేలలోని నీటికీ విడిగా ఒక పద్దు పెట్టారు. పద్దు సరే, అందులో రాయడానికి అంకె ఏదీ?

మాది నంద్యాల జిల్లా కోవెలకుంట్ల వైపు, నల్లరేగడి. అక్టోబరులో పదును చూసి పప్పుశనగ విత్తితే, ఆ తర్వాత చినుకు పడకపోయినా పంట చేతికొస్తుంది. ఎలా అంటే "మంచుకు పండుతుంది" అంటారు మావాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మంచుకు తడిసేది ఆకు. పంటను గట్టెక్కించేది ఆగస్టు, సెప్టెంబరు వానలకు నేల తాగి దాచుకున్న నీరు.

చదువుకునే రోజుల్లో ఒక ప్రాజెక్టు కోసం డిసెంబరులో ఆ చేలల్లోనే మట్టి నమూనాలు తీశాను. పైన నేల నెర్రెలిచ్చి ఉంది, పట్టుకుంటే పొడిపొడిగా వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. మట్టి తీసే బరమా, అదే ఆగర్, తిప్పుకుంటూ మోకాటి లోతుకు దిగేసరికి ఇక కదలనని మొరాయించింది. ఇద్దరం కలిసి లాగితే నల్లటి మట్టి సబ్బులా అంటుకుని పైకొచ్చింది. దాన్ని గీకి అల్యూమినియం డబ్బాల్లో నింపి, వెంటనే మూత పెట్టి తూయాలి. తర్వాత 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఎండబెట్టి మళ్లీ తూయాలి. మధ్యలో కరెంటు పోతే అదో టెన్షన్. 100 గ్రాముల తడిమట్టి ఎండి 80కి వస్తే, పోయిన 20ని 80తో భాగిస్తే 25 శాతం. దాన్ని మట్టి సాంద్రతతో, లోతుతో గుణిస్తే మిల్లీమీటర్లు వస్తాయి. రేగడిలో ఆ సాంద్రతే ఒకచోట నిలవదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది.

పైగా ఈ మట్టిలో 20 శాతం తేమ ఉన్నా మొక్క వాడిపోవచ్చు. బంకమట్టి నీటిని అంత గట్టిగా పట్టుకుంటుంది, వేరు లాక్కోలేదు. ఎర్ర ఇసుకనేలలో 15 శాతం ఉంటే చాలు, పైరు కళకళలాడుతుంది. అందుకే మొక్కకు అందే నీరెంతో తేల్చకుండా మొత్తం తేమను పద్దులో ఎక్కిస్తే అది ఉత్తుత్తి లెక్క.

ఉపగ్రహాలున్నాయి కదా అంటారు. నాసా వాళ్ల స్మాప్ 2015 నుంచి తిరుగుతోంది, అది నేరుగా కొలిచేది పై 5 సెంటీమీటర్లనే. ఆ కిందిదంతా మోడల్ వేసే అంచనా. డిసెంబరులో మా చేను దానికి ఎండిన నేలే. వాతావరణ బీమాదీ ఇదే తంతు: ఎంత వాన పడిందో చూస్తుంది, నేల ఎంత పట్టుకుందో అడగదు.

ఇక తేదీ. మన ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. అప్పటికి ఆ చేలల్లో కాలు దిగబడేంత నెర్రెలు. ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ రెండూ అడుగంటినవే. మధ్యలో ఒక పంటను పండించిన నీరు, ఆవిరైపోయిందంటూ ఇంకో పట్టికలో ఒక వరుసగా తేలుతుంది. అక్టోబరు చివర ఒకసారి, కోత అయ్యాక ఒకసారి కొలవమనండి, తేడా తెలుస్తుంది.

విలువకు వద్దాం. ఎకరాలో 1 మిల్లీమీటరు అంటే సుమారు 4,000 లీటర్లు. పంట 150 మిల్లీమీటర్లు వాడుకుందనుకుంటే 6 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు 500 రూపాయలకు తోలినా 60,000 అవుతుంది. ఎకరాకు 7 క్వింటాళ్లు పండి, 2025-26 మార్కెటింగ్ సీజన్ మద్దతు ధర 5,650కి అమ్మితే వచ్చేది 39,550. కొనుక్కుంటే ఎంతయ్యేదన్న లెక్క ఇక్కడ నవ్వులపాలే. అంత పోసి పప్పుశనగకు నీళ్లు తోలేవాడెవడు?

నన్నడిగితే కౌలు చూడండి. బోరు లేని రేగడికీ, బోరు లేని ఎర్రనేలకూ కౌలులో ఉన్న తేడాయే ఆ నీటి ధర. అందులో సారం, దారి, ఊరి దూరం కూడా కలిసుంటాయని ఆర్థికవేత్తలు గొణుగుతారు. గొణగనివ్వండి. మా దగ్గర కౌలు మాట్లాడ్డానికి వచ్చినవాడు దారి గురించి తర్వాత అడుగుతాడు, ముందు అడిగేది మట్టి ఎంత లోతుందనే.