నిద్ర లేవగానే వరసగా ముడుచుకుపోతుంటే: పసిపిల్లల స్పాజమ్స్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే జబ్బు గురించి ఉన్నాయి. దాని పేరు ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్. ఏడాదిలోపు పిల్లలకు, ఎక్కువగా నాలుగు నుంచి ఏడు నెలల మధ్య మొదలయ్యే ఒక రకం మూర్ఛ. నోట నురగ రాదు, ఒళ్లంతా కొట్టుకోదు. అందుకే ఇంట్లోవాళ్లే కాదు, ఒక్కోసారి డాక్టర్లు కూడా పోల్చుకోలేరు. ఈ సంచికలో మొత్తం చోటు దీనికే ఇస్తున్నాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి అయిదో నెల నడుస్తోంది. వారం రోజుల్నుంచి నిద్ర లేవగానే రెండు చేతులూ చాపి, తల ముందుకు వాల్చి ముడుచుకుపోతున్నాడు. క్షణంలో వదిలేస్తాడు, మళ్లీ అలాగే చేస్తాడు. పది పదిహేనుసార్లయ్యాక గుక్కపెట్టి ఏడుస్తాడు. మా అత్తగారు దడుపు అని తాయెత్తు కట్టించారు. ఇక్కడి డాక్టరు గారు కడుపునొప్పికి చుక్కల మందు రాశారు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, నరసన్నపేట ప్రాంతం

జవాబు: అమ్మా, మీరు రాసిన తీరు చూస్తే ముందు స్పాజమ్స్‌నే అనుమానించాలి. కాదని తేలితే సంతోషం. కానీ తేలేదాకా ఆగడానికి లేదు. ఒకటి రెండు రోజుల్లో పిల్లల నరాల డాక్టరుకు, అంటే పీడియాట్రిక్ న్యూరాలజిస్టుకు, చూపించండి. మీకు దగ్గర్లో లేకపోతే విశాఖపట్నం వెళ్లాల్సిందే. ఈ జబ్బులో రోజులకు విలువ ఎక్కువ.

కడుపునొప్పికీ దీనికీ తేడా మీరే చూడొచ్చు. కడుపునొప్పి పిల్లాడు నిమిషాల తరబడి కాళ్లు ముడుచుకుని ఏడుస్తాడు, గాలి పోతే నెమ్మదిస్తాడు. స్పాజమ్ ఒక్కోటి ఒకటి రెండు సెకన్లే ఉంటుంది. అయిదు పది సెకన్ల నుంచి అర నిమిషం ఎడంతో అచ్చుగుద్దినట్టు అదే భంగిమ మళ్లీ మళ్లీ వస్తుంది. ఏడుపు మధ్యలోనో చివర్లోనో వస్తుంది. దడుపు అనుకునే ఉలికిపాటు చప్పుడుకో, పట్టు జారినట్టు అనిపించినప్పుడో ఒక్కసారి వచ్చి పోతుంది, నాలుగైదు నెలలకల్లా తగ్గిపోతుంది. తగ్గాల్సిన వయసులో కొత్తగా మొదలై, వరసగా, చప్పుడు లేకుండానే నిద్ర లేవగానే వస్తే దాన్ని దడుపు అనకూడదు. అందరూ ముందుకే వంగరు. కొందరు వెనక్కి విల్లులా సాగుతారు, కొందరికి తల ఊపినట్టు మాత్రమే ఉంటుంది, కళ్లు పైకి తిప్పడం తప్ప ఏమీ కనపడని పిల్లలూ ఉంటారు. ఇంతకుముందు నవ్వే పిల్లాడు నవ్వు మానేసినా, మొహంలోకి చూడ్డం తగ్గినా, నిలబెట్టిన మెడ మళ్లీ వాలిపోతున్నా అది మరీ ముఖ్యమైన గుర్తు.

ఫోన్‌లో వీడియో తియ్యండి. డాక్టరుకు నోటితో వందసార్లు చెప్పినదానికన్నా అది మేలు. చీర ఉయ్యాల్లో ఉంటే కాళ్లూ చేతులూ కనపడవు. చాప మీద వెలుతురులో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, తల నుంచి పాదాల దాకా వచ్చేట్టు, వరస మొదలైనప్పటి నుంచి ఆగేదాకా తియ్యండి. మధ్యలో ఒకసారి చెయ్యి మెల్లగా పట్టుకుని చూడండి. ఊరికే వణికే చెయ్యి అయితే పట్టుకుంటే ఆగుతుంది, స్పాజమ్ ఆగదు. రోజుకు ఎన్ని వరసలు, ఒక్కో వరసలో ఎన్నిసార్లు అన్నది కాగితం మీద రాసి పెట్టుకోండి. మందు పనిచేస్తోందో లేదో రేపు చెప్పేది ఆ కాగితమే.

డాక్టరు ఈఈజీ, అంటే తలకు తీగల బిళ్లలు అంటించి మెదడు తరంగాలు చూసే పరీక్ష, రాస్తారు. మెదడు తరంగాలు గజిబిజిగా, ఎత్తుగా, ఏ క్రమమూ లేకుండా కనిపించడాన్ని హిప్సెరిథ్మియా అంటారు. ఇది నిద్రలో బాగా బయటపడుతుంది. మెలకువలో ఇరవై నిమిషాలు తీసి "నార్మల్" అని పంపేస్తే జబ్బు తప్పిపోయే ప్రమాదం ఉంది. నిద్రా, నిద్ర లేచే సమయమూ రెండూ పడేలా తియ్యమని అడగండి. ముందురోజు తలస్నానం చేయించండి. మాడుకి ఆముదం గానీ కొబ్బరినూనె గానీ పెట్టొద్దు, నూనె ఉంటే తీగల బిళ్లలు అంటుకోవు. దారిలో నిద్రపోనివ్వకుండా తీసుకెళ్లి, అక్కడ పాలిచ్చి పడుకోబెట్టండి.

తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దానివల్ల హాని లేదు. వాతలు పెట్టడం, పసరు పొయ్యడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు. జ్వరం ఉన్నా, పాలు తాగడం మానేసినా, అయిదు నిమిషాలు దాటి కొట్టుకున్నా ఎక్కడికి వెళ్లాలని ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: మా పాపకి ఏడు నెలలు. జబ్బు ఖాయం చేసి స్టెరాయిడ్ సిరప్ ఇచ్చారు. అయిదో రోజుకే స్పాజమ్స్ ఆగిపోయాయి. స్టెరాయిడ్ మంచిది కాదని ఇంట్లో అందరూ ఆపేయమంటున్నారు. ఆపొచ్చా?
– ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: ఆపొద్దు. ఈ మందు హఠాత్తుగా ఆపితే శరీరం సొంతంగా తయారుచేసుకోవాల్సిన స్టెరాయిడ్ తయారవదు, పాప నీరసించి ప్రాణం మీదికి రావచ్చు. పైగా జబ్బు తిరగబెడుతుంది. బాగా ఆగినవాళ్లలో కూడా మూడో వంతుకు పైగా పిల్లలకు మళ్లీ వస్తుంది.

ఈ జబ్బుకు బాగా పనిచేసే మందులు ముఖ్యంగా మూడు. ఏసీటీహెచ్ అనే హార్మోను ఇంజెక్షను, ఎక్కువ మోతాదులో నోటి ద్వారా ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, విగాబట్రిన్ అనే మూర్ఛ మందు. మామూలు ఫిట్స్‌కి వాడే ఫినోబార్బిటోన్, లెవెటిరాసెటమ్ లాంటివి దీనికి సాధారణంగా పనిచెయ్యవు. ఆ మందులతో రెండు మూడు వారాలు గడిపేసి వచ్చేవాళ్లు ఉంటారు, అదే బాధాకరం. ప్రెడ్నిసొలోన్‌లో బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఒకటి చెబుతాను. బరువుతో నిమిత్తం లేకుండా 10 మిల్లీగ్రాములు రోజుకు నాలుగుసార్లు, వారంలో ఆగకపోతే 20 మిల్లీగ్రాములు మూడుసార్లు, రెండు వారాలయ్యాక మెల్లగా తగ్గింపు. కొందరు కిలోల లెక్కన ఇస్తారు. మీ డాక్టరు రాసిందే మీ లెక్క.

సీసా దగ్గర పెద్ద పొరపాటు జరుగుతుంది. ప్రెడ్నిసొలోన్ సిరప్ రెండు బలాల్లో దొరుకుతుంది: 5 మిల్లీలీటర్లకు 5 మిల్లీగ్రాములు ఒకటి, 5 మిల్లీలీటర్లకు 15 మిల్లీగ్రాములు ఇంకొకటి. 10 మిల్లీగ్రాములు కావాలంటే మొదటిది 10 మిల్లీలీటర్లు, రెండోది సుమారు 3.3 మిల్లీలీటర్లు. రెండోసారి కొన్నప్పుడు షాపువాడు వేరే బలం ఇస్తే మోతాదు మూడింతలు అవ్వచ్చు, మూడో వంతుకు పడిపోవచ్చు. పాత సీసా పక్కన పెట్టి లేబుల్ సరిపోల్చండి. చెంచాతో కాదు, సిరంజితో కొలవండి.

మొహం ఉబ్బడం, ఆకలి పెరగడం, చిరాకు, నిద్ర తగ్గడం మామూలే, మందు తగ్గిస్తుంటే పోతాయి. అశ్రద్ధ చెయ్యకూడనివి వేరే ఉన్నాయి: జ్వరం, నల్లటి విరేచనం, ఆగని వాంతులు, బీపీ పెరగడం. పసిపిల్లల బీపీ పట్టీతో వారానికి ఒకటి రెండుసార్లు చూపించండి, ఇది చాలాచోట్ల మరచిపోతారు. ఇంట్లో దగ్గూ జలుబూ ఉన్నవాళ్లు పాపని ఎత్తుకోవద్దు. ఆటలమ్మ వచ్చిన పిల్లల దగ్గరికి వెళ్తే ఆ రోజే డాక్టరుకి చెప్పండి.

కంటికి స్పాజమ్స్ ఆగితే సగం పనే అయింది. రెండు వారాలకు మళ్లీ నిద్రలో ఈఈజీ తీసి ఆ గజిబిజి కూడా పోయిందని చూడాలి. అది మిగిలి ఉంటే మెదడు ఎదుగుదల అడ్డుపడుతూనే ఉంటుంది, మందు మార్చాల్సిందే.

ప్రశ్న: నా మనవడికి పుట్టగానే ఏడుపు రాలేదు, పది రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. ఆరో నెలలో ఈ జబ్బు బయటపడింది. డాక్టర్లు స్పష్టంగా చెప్పడం లేదు. అందరిలా ఎదుగుతాడా, లేదా? దాచకుండా చెప్పండి.
– ఒక తాతగారు, పలాస

జవాబు: అయ్యా, దాచకుండానే చెబుతాం. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పూర్తిగా మామూలుగా ఎదిగేవాళ్లు తక్కువ. రకరకాల పరిశీలనల్లో పదిమందికి ఒకరి నుంచి నలుగురికి ఒకరి దాకా తేలారు. ఎక్కువమందికి మాటలో, నడకలో, చదువులో ఎంతో కొంత వెనకబాటు ఉంటుంది. కొందరికి ఆటిజం లక్షణాలు వస్తాయి. స్పాజమ్స్ అనేవి నాలుగైదేళ్లకు ఎలాగూ పోతాయి, కానీ వేరే రకం ఫిట్స్‌గా మారవచ్చు. అందులో లెనాక్స్-గాస్టో అనేది మొండి రకం.

అయితే ఈ లెక్కని పిల్లలందరికీ ఒకేలా చుట్టకూడదు. భవిష్యత్తుని ఎక్కువగా నిర్ణయించేది కారణం. ముందు చక్కగా ఎదుగుతూ, స్కాన్‌లో ఏ లోపమూ కనపడక, వెంటనే మందు పడిన పిల్లల్లో చాలామంది బాగుపడతారు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లోనూ మందుకు స్పందన తరచుగా బాగుంటుంది. మీ మనవడిలాగా పుట్టినప్పుడు ఆక్సిజన్ అందక గానీ, తొలి రోజుల్లో చక్కెర పడిపోయి గానీ మెదడు దెబ్బతిన్నవాళ్లలో ఆ పాత దెబ్బ అలాగే ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే కారణాలు ఇవి రెండే. అలాంటివాళ్లకు మందుతో స్పాజమ్స్ ఆపితే కొత్త నష్టం ఆగుతుంది, ఉన్న శక్తి నిలబడుతుంది. డాక్టర్లు స్పష్టంగా చెప్పకపోవడానికి కారణం కూడా ఇదే. ఎంఆర్ఐ, రెండు వారాల ఈఈజీ, ఆపైన మూడు నాలుగు నెలల ఎదుగుదల చూస్తేగానీ ఎవరూ నిజాయితీగా చెప్పలేరు.

కారణం మన చేతిలో లేదు, ఆలస్యం మన చేతిలో ఉంది. మొదటి స్పాజమ్ నుంచి సరైన మందు పడేదాకా గడిచిన కాలం పెరిగినకొద్దీ తర్వాతి ఎదుగుదల తగ్గుతుందని బ్రిటన్‌లో ఇలాంటి పిల్లల్ని నాలుగేళ్ల వయసు దాకా గమనించినవాళ్లు తేల్చారు. 1841లో ఈ జబ్బుని మొదట వర్ణించిన ఇంగ్లండ్ వైద్యుడు విలియం జేమ్స్ వెస్ట్ తన సొంత కొడుకులోనే దీన్ని చూశాడు. అప్పుడు ఇవ్వడానికి ఆయన దగ్గర మందే లేదు. ఇప్పుడు ఉంది.

మందు నడుస్తుండగానే ఫిజియోథెరపీ మొదలుపెట్టండి, స్పాజమ్స్ ఆగాక చూద్దామనొద్దు. పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఆర్‌బీఎస్‌కే పథకం కింద, ఎదుగుదల లోపాలకు తొందరగా చికిత్స చేసే డీఈఐసీ అనే జిల్లా కేంద్రం ఎక్కడుందో మీ ఏఎన్ఎం గానీ ఆశా కార్యకర్త గానీ చెబుతారు. చూపు, వినికిడి పరీక్షలు చేయించండి. వైకల్యం మిగిలితే సదరం సర్టిఫికెట్టుకు అప్పుడు వెళ్లొచ్చు. ఒక్కమాట మీ కోడలికి చెప్పండి: ఆమె ఏదో తిన్నందువల్లో, గ్రహణం చూసినందువల్లో ఇది రాలేదు.

ప్రశ్న: మూడో డోసు టీకా వేయించిన వారానికే మొదలైంది. టీకా వల్లేనా? ఇక మిగతావి మానేయాలా?
– ఒక తల్లి, చీపురుపల్లి

జవాబు: టీకా వల్ల కాదు. జబ్బు మొదలయ్యే వయసూ, టీకాల వయసూ ఒకటే కావడంతో అలా అనిపిస్తుంది. స్టెరాయిడ్ వాడుతున్నంతకాలం, ఆపాక కనీసం నెల దాకా, చుక్కల పోలియో, రోటా, తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు-రుబెల్లా) లాంటి, సజీవ క్రిములుండే టీకాలు వాయిదా వేస్తారు. మిగతావి వేయొచ్చు. వాయిదా వేసిన తేదీ టీకాల కార్డు మీదే రాయించుకోండి, లేకపోతే అవి శాశ్వతంగా జారిపోతాయి.

ప్రశ్న: బాబు ఒంటి మీద పుట్టుకతో తెల్లమచ్చలున్నాయి. అందుకే విగాబట్రిన్ ఇచ్చామన్నారు. మచ్చలకీ మూర్ఛకీ ఏమిటి సంబంధం? ఇంకో బిడ్డని కనొచ్చా?
– దంపతులు, రాజాం

జవాబు: ఆకు ఆకారంలో పాలిపోయిన మచ్చలు మూడో అంతకుమించో ఉంటే ట్యూబరస్ స్క్లిరోసిస్ అనే జన్యు జబ్బుని వెతుకుతారు. మెదడులోనూ గుండెలోనూ చిన్న గడ్డలుంటాయి, స్పాజమ్స్ మెదడులోని వాటివల్లే. ఈ జబ్బులో విగాబట్రిన్‌ది మొదటి స్థానం. కిలోకు రోజుకు 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అవసరమైతే 150 దాకా పెంచుతారు. 500 మిల్లీగ్రాముల పొడి 10 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే మిల్లీలీటరుకు 50 వస్తుంది. ఏడు కిలోల బిడ్డకు రోజుకు 350, పూటకు 175 అయితే పూటకు మూడున్నర మిల్లీలీటర్లు. మిగిలింది పారబొయ్యండి, సాయంత్రానికి దాచొద్దు. ఎక్కువ కాలం వాడితే పక్కచూపు శాశ్వతంగా తగ్గే ప్రమాదం ఉంది. అందుకే కళ్ల పరీక్ష మొదట్లోనూ, తర్వాత కొన్ని నెలలకోసారీ చేయించాలి. ఎంతకాలం వాడాలో డాక్టరుతో ముందే మాట్లాడుకోండి.

ఇంకో బిడ్డ సంగతి: ఈ పిల్లల్లో మూడింట రెండొంతుల మందికి జన్యువులో మార్పు కొత్తగా వచ్చిందే, తల్లిదండ్రుల్లో ఉండదు. అలాంటప్పుడు మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటి రెండే. మీ ఇద్దరిలో ఒకరికి ఉంటే ప్రతి కాన్పుకీ సగానికి సగం. అందుకని ముందు మీ ఇద్దరి ఒళ్లూ, గోళ్ల చుట్టూ ఉన్న చర్మమూ, ముక్కు పక్క బొడిపెలూ డాక్టరు చూడాలి, బాబుకి జన్యు పరీక్ష చేయించాలి. ఆ ఫలితం చేతిలో పట్టుకుని జెనెటిక్ కౌన్సెలర్ని కలిశాకే నిర్ణయించుకోండి. ఈలోగా గర్భం వస్తే స్కానింగ్ డాక్టరుకు ఈ జబ్బు పేరు చెప్పి, కడుపులో బిడ్డ గుండె ప్రత్యేకంగా చూడమనండి.