కుర్ర గుర్రానికి కాళ్లు వాస్తే

చిరంజీవికి ఆశీస్సులు.

శిక్షణ మొదలుపెట్టిన వారానికే నీ గుర్రప్పిల్లకు వెనక కాళ్లు వాచాయనీ, కట్టు కట్టాలా, పని ఆపాలా అనీ అడిగావు. ముందు ఆ వాపు ఎలాంటిదో చేత్తో చూసి తేల్చుకో నాయనా.

పొద్దున్నే లాయంలోంచి తీయకముందే చూడు. నాలుగు కాళ్లనూ మోకాలి కింది నుంచి గిట్ట దాకా నిమిరి, ఒకదానితో ఒకటి పోల్చుకో. వాచినచోట బొటనవేలితో ఐదారు సెకన్లు నొక్కి వదులు. సొట్ట పడి మెల్లగా పూడితే నీరు పట్టిందన్నమాట. వెనక కాళ్లు రెండూ ఒకేలా ఉబ్బి, చల్లగా ఉండి, నొక్కినా గుర్రం కాలు లాక్కోకుండా, పావుగంట నడిపిస్తే వాపు తగ్గుముఖం పడితే పెద్దగా భయం లేదు. గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. గిట్ట నేలకు ఆని లేచినప్పుడల్లా కిందికి దిగిన రక్తమూ నీరూ పైకెక్కుతాయి. కదలిక లేకపోతే అక్కడే నిలిచిపోతాయి. ఆరుబయట తిరిగే పిల్లను శిక్షణ కోసమని తెచ్చి లాయంలో కట్టేయడమే చాలాసార్లు అసలు కారణం. వీలైనంతసేపు బయట వదులు. వీలుకానప్పుడు పొద్దునా సాయంత్రం ఇరవై నిమిషాలేసి నడిపించు. పని లేని రోజున దాణా తగ్గించు, గడ్డి మాత్రం తగ్గించకు.

ఒక్క కాలే వాచి వేడిగా ఉంటే, లేదా కుంటుతుంటే నడిపించొద్దు. గిట్ట వెనక పై గుంటలో పగుళ్లు, పక్కులు ఉన్నాయేమో, వెంట్రుకల కింద ముల్లు గాటు ఉందేమో వెతుకు. గిట్ట అడుగు కూడా చూడు. లోపల చీము పట్టినా కాలు వాస్తుంది, అప్పుడు గిట్ట పైకీలు వెనక నాడి గట్టిగా కొట్టుకుంటుంది. జ్వరం చూడు: 38.5 డిగ్రీల సెల్సియస్ దాటి, కాలు బిగుసుకుపోయి పైదాకా పొంగితే చర్మం కింద క్రిములు సోకి ఉండొచ్చు, ఆ రోజే పశువైద్యుణ్ని పిలువు. కీలు దగ్గర గాయంలోంచి జిగట నీరు కారితే గంట కూడా ఆగొద్దు. వైద్యుడు చూడకముందు నొప్పి మందు వేయకు. మందుతో కుంటు దాగిపోతుంది, గుర్రం ఆ కాలి మీదే బరువు మోపి దెబ్బను పెద్దది చేసుకుంటుంది.

ముందు కాలి లోపలివైపు, మోకాలి కింద గట్టిగా గడ్డలా తగిలితే అది నీరు కాదు, ఎముక పక్కన వచ్చిన వాపు. కుర్ర గుర్రాలకు చిన్న వలయంలో ఎక్కువసేపు తిప్పితే వచ్చేది ఇదే. అందుకే తాడు పట్టి తిప్పేటప్పుడు వలయం ఇరవై మీటర్ల అడ్డకొలతకు తగ్గనివ్వకు. రెండు మూడు నిమిషాలకోసారి దిశ మార్చు. మొత్తం పది పదిహేను నిమిషాలు, అందులోనూ ఎక్కువభాగం నడకే. రోజూ తిప్పకు, మధ్యరోజుల్లో పక్కన నడుస్తూ తిన్నగా నడిపించడం, ఆపడం, వెనక్కి జరపడం నేర్పు. కాళ్లకు భారం తక్కువ, నేర్చుకునేదీ తక్కువేం కాదు.

వేడి ఉన్న వాపుకు చన్నీళ్లు పట్టు: గిట్ట దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి, ఒక్కోసారి పదిహేను ఇరవై నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. పట్టాక గిట్ట పై గుంటను పొడిగా తుడువు. తడి నిలిస్తే చర్మం పగిలి ఇంకో వాపుకు దారి తీస్తుంది.

కట్టు గురించి ఇన్ని మాటలు ఎందుకంటే, తప్పుగా కట్టిన కట్టు కట్టకపోవడం కన్నా ప్రమాదం. ముందు మందపాటి దూది మెత్త ముడతల్లేకుండా చుట్టాలి, దాని మీద పట్టీ ఒక్కో చుట్టు కిందిదాన్ని సగం కప్పేలా, మొదటినుంచీ ఒకే బిగువుతో రావాలి. మెత్త లేకుండా బిగిస్తే కాలి వెనక స్నాయువు (కండను ఎముకకు కలిపే తాడులాంటిది) నలిగి అక్కడే వాస్తుంది. పై అంచులో ఒక వేలు దూరాలి. పన్నెండు గంటలకు మించి ఉంచకుండా విప్పి, కాలు నిమిరి చూసి మళ్లీ కట్టు. పుండు గానీ పక్కులు గానీ ఉన్న కాలికి వైద్యుడు చెప్పనిదే కట్టొద్దు.

రోజూ ఒకే వేళకు, మోకాలికీ గిట్ట పైకీలుకీ నడిమిన టేపు చుట్టి కొలత రాసుకో. నడిపించినా మూడు రోజుల్లో తగ్గకపోతే, లేదా నాలుగు కాళ్లతోపాటు పొట్ట కింద కూడా నీరు దిగితే, ఆ కొలతలు వైద్యుడికి చూపించు.