తోరణం దేనికి గుర్తు?

ప్రియమైన తమ్ముడికి,

చేర్యాల నకాశీ పటాల మీద, అంటే నకాశీ చిత్రకారులు పొడవాటి గుడ్డ మీద గడులు గడులుగా వేసే కథల బొమ్మల మీద, నీవు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. నీ వాక్యం బాగుంది, చూపు కూడా చురుకైనదే. అయితే ఎరుపు శక్తికి గుర్తు, కమలం పవిత్రతకు గుర్తు అంటూ ప్రతిదానికీ నిఘంటువులో వలె ఒక్కొక్క అర్థం కేటాయించిన తీరును నేను ఒప్పుకోలేను. చూసేవారి ఎరుక, ఆ గుర్తును నిలిపిన చోటు, దాని పక్కనున్న మరో గుర్తు, ఇవన్నీ కలిస్తేనే అర్థం ఏర్పడుతుంది.

మన వరంగల్ కోటలోని కాకతీయ తోరణాన్నే తీసుకో. అమెరికా తత్వవేత్త చార్లెస్ సాండర్స్ పర్స్ గుర్తులు మూడు విధాలన్నాడు: పోలిక వల్ల తెలిసేవి, పొగను బట్టి నిప్పు తెలిసినట్టు వాస్తవ సంబంధం వల్ల తెలిసేవి, జనం ఒప్పుకున్న అలవాటు వల్ల తెలిసేవి. తోరణం మీద చెక్కిన మొగ్గలూ దండలూ పక్షులూ పోలిక వల్లనే తెలుస్తాయి. నడుమ ఉండిన స్వయంభూ శివాలయం శిథిలమైపోగా, నాలుగు దిక్కులా నిలిచిన నాలుగు తోరణాలు ఆ గుడి ఆవరణ ఎంతవరకు ఉండేదో నేటికీ నేల మీద చూపిస్తున్నాయి; ఇది రెండో విధం. 2014లో రాష్ట్ర చిహ్నంలో చేరిన తరువాత అదే తోరణం ప్రభుత్వ కాగితం మీద తెలంగాణ అనే అర్థాన్నిస్తున్నది; ఇది మూడో విధం. పైగా ఆ చిహ్నంలో తోరణం నడుమ చార్మినార్ ఉంది; ఓరుగల్లు, హైదరాబాద్ ఒకే చరిత్రలోనివన్న మాటను ఆ రెంటిలో ఏ ఒక్కటీ విడిగా చెప్పజాలదు, ఒకదానిలో మరొకటి ఉండడమే చెబుతున్నది.

ఇక నీ పటం దగ్గరికి వద్దాం. కూనపులివారనే కథకులు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతూ పటం విప్పినప్పుడు, పులి మీద కూర్చున్న పురుషుణ్ణి చూడగానే అతడు భావనాఋషి అని అక్కడివారికి తెలుస్తుంది, ఎందుకంటే అది వారి కులపురాణం. ఆ కథ ఎరుగనివారికి అతడు పులినెక్కిన మనిషి మాత్రమే. అదే గడిని విడదీసి అద్దం బిగించి డ్రాయింగ్ రూములో తగిలిస్తే కథ పోయి అలంకారమే మిగులుతుందని నా అభిప్రాయం. నీ వ్యాసంలో ఈ తేడా ఎక్కడా లేదు, నన్ను ఎక్కువగా బాధించినది అదే.

కాబట్టి ముందు కంటికి కనిపించినదాన్ని రాయి: ఏ రంగు ఎక్కడ ఉంది, ఎవరు పెద్దగా ఉన్నారు, ఎవరి ముఖం ఎటు తిరిగి ఉంది. అర్థం సంగతి ఆ తరువాత. చేర్యాలకు మళ్ళీ వెళ్ళి, నేపథ్యానికి ఎరుపే ఎందుకు వేస్తారో నకాశీలను అడుగు. కథకులను కూడా విడిగా అడుగు. ఇద్దరి జవాబులూ వేరైతే రెండింటినీ ఉన్నవి ఉన్నట్టు రాసి, ఎరుపు గురించిన ఆ పేరాను మార్చి నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి,
హనుమకొండ